చూడీ అంటే చూడమని కాదు

మా పెద్దమ్మాయిని చిన్నప్పుడు బడిలో "మీ నాన్న ఏం చేస్తారు?" అని అడిగితే, "స్క్రూలు బిగిస్తాడు" అని చెప్పిందట. పిల్లలంతా నవ్వారట. ఇంటికొచ్చి ఏడ్చింది. నాకు కోపం వచ్చింది. నేను ఫిట్టర్ని, లేత్ సెట్ చేస్తాను, రంపం బెంచీ నిలబెడతాను, ఇంజను మొత్తం విప్పి మళ్లీ కడతాను అని దానికి పెద్ద పాఠమే చెప్పాను. ఇప్పుడు పింఛను మీద కూర్చుని వెనక్కి చూసుకుంటే ఆ పిల్ల చెప్పిందే సరి అనిపిస్తోంది. యంత్రాల్లో పెద్ద భాగాలు విరగడం నేను అరుదుగా చూశాను. రోజూ తంటాలు పడింది ఆ చిన్న స్క్రూలతోనే.

అన్ని స్క్రూలూ కాదు. రెండు ముక్కల్ని కలిపి పట్టుకునే స్క్రూతో పెద్ద గొడవ లేదు, చివరిదాకా బిగిస్తే దాని పని అయిపోతుంది. ఎడ్జస్టింగ్ స్క్రూ అలా కాదు. యంత్రంలో ఒక భాగం ఇంకో భాగానికి ఎంత దగ్గరగా ఉండాలో చెప్పేది అది. దాన్ని చివరిదాకా బిగించకూడదు. మధ్యలో, మనం ఆపిన చోట ఆగాలి. కింద మోటారు వణికిస్తున్నా, పైన దుంగ గుద్దుతున్నా, సముద్రపు గాలి తినేస్తున్నా అక్కడే ఉండాలి. నా ఉద్యోగమంతా దాన్ని అక్కడ ఉంచడమే.

ఇప్పుడు వర్క్‌షాపుల్లో చేరుతున్న మన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. మీలో చాలామందికి తెలుగు నోటికి వచ్చినంత సులువుగా కంటికి రాదని నాకు తెలుసు. అందుకని చిన్న చిన్న మాటల్లోనే రాస్తాను. నా ప్రమోషన్ల గురించీ ట్రాన్స్‌ఫర్ల గురించీ రాయను. వాటిలో మీకు పనికొచ్చేది ఏమీ లేదు. నా తప్పుల్లో మాత్రం ఉంది.

ఉస్తాద్ అరుపు

మాది శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు ఊరు. దేశానికి స్వతంత్రం వచ్చిన కొన్నేళ్లకు, ఈ ద్వీపాల్లో అడవి కొట్టి తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలకు ఊళ్లు కడుతున్న రోజుల్లో, మా మేనమామ వెంట ఓడెక్కి పోర్ట్ బ్లెయిర్‌లో దిగాను. విశాఖపట్నంలో ఒక లేత్ షెడ్డులో కొంతకాలం పనిచేసి ఉన్నాను కాబట్టి అక్కడి సర్కారు వర్క్‌షాపులో తీసుకున్నారు. హిందీ ఒక్క ముక్క రాదు.

మా ఫోర్‌మన్ కరీం ఉస్తాద్. ఇక్కడే పుట్టిన మనిషి. ఆయన తాత ఈ ద్వీపానికి ఏ శిక్ష మీద వచ్చాడో అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. పొట్టిగా, గట్టిగా ఉండేవాడు. గొంతు మాత్రం షెడ్డు రేకులు అదిరేలా ఉండేది.

చేరిన కొత్తలో ఒకరోజు చెక్క చదునుచేసే యంత్రానికి నేనొక బోల్టు బిగిస్తున్నాను. పోత ఇనుము బాడీ. నా చేతిలో పొడుగు పానా. కుర్రతనం, నా బలం అందరూ చూడాలని ఆశ. షెడ్డు అవతలి చివరి నుంచి ఉస్తాద్ అరిచాడు.

"అరే, చూడీ మర్ జాయేగీ! చూడీ! చూడీ!"

మనకి మర అంటే స్క్రూకి ఉండే చుట్లు. చూడు అంటే చూడమని. ఆయన "మర చూడు, చూడు" అంటున్నాడనుకున్నాను. ఇంత పెద్దాయన అంత దూరం నుంచి నా పని గమనించి, పైగా తెలుగులో చెబుతున్నాడే అని పొంగిపోయాను. వంగి మరను చూస్తూ ఇంకో చుట్టు బిగించాను. పానా చేతిలో ఒక్కసారిగా మెత్తబడింది. ఆ మెత్తదనం ఒకసారి తగిలినవాడు జన్మలో మరిచిపోడు.

ఉస్తాద్ దగ్గరికొచ్చి చూసి, "మర్ గయీ" అన్నాడు.

పక్క బెంచీ మీద పనిచేసే అప్పన్న మా జిల్లావాడే. నవ్వాపుకోలేక స్టూలు మీంచి దిగిపోయాడు. "ఒరే సామేలూ, ఆయన నిన్ను సూడమన్లేదురా! సూడీ అంటేనే మర. మర్ గయీ అంటే సచ్చిపోనాదని. మర సచ్చిపోతాది, ఆపరా నాయనా అంటే, నువ్వేటి వంగి ముద్దెట్టుకుంటున్నావు?"

ఉస్తాద్‌కి అప్పన్న ఈ సంగతి హిందీలో చెప్పాడు. ఉస్తాద్ నవ్వలేదు. తన మోచెయ్యి చాపి, మణికట్టు నుంచి పైకి వేలితో గుండ్రంగా చుట్లు చుట్టి చూపించాడు. "చూడీ. ఔరత్ కే హాథ్ మే." ఆడవాళ్ల చేతికి గాజులు వరుసగా ఉన్నట్టే స్క్రూ ఒంటి చుట్టూ ఈ చుట్లు, అందుకే గాజుకీ మరకీ వాళ్లకి ఒకటే మాట. తర్వాత యంత్రం వైపు జాలిగా చూసి, "బేచారీ కో బేవా కర్ దియా" అన్నాడు. గాజులన్నీ పగలగొట్టి పాపం దాన్ని విధవను చేశానట. అప్పుడు షెడ్డంతా నవ్వింది.

ఆ రోజు నుంచి నేను చూడీ బాబుని. ద్వీపాల్లో ఉత్తరం చేరడానికి వారాలు పట్టేది గానీ, ఒక మనిషికి పెట్టిన పేరు మాత్రం ముందు ఓడలోనే వెళ్లిపోయేది. నేను మొదటిసారి ఉత్తరాన ఉన్న డిగ్లీపూర్ వెళ్లి జెట్టీ మీద కాలు పెట్టేసరికి అక్కడి ఫిట్టరు "ఆయియే, చూడీ బాబూ" అని ఎదురొచ్చాడు. నేను నవ్వేవాణ్ణి. లోపల మాత్రం మండేది. ఆ మంట గురించి ముందు ముందు చెబుతాను, ఎందుకంటే దాని మూల్యం ఇంకొకరు చెల్లించారు.

ఉస్తాద్ నన్ను ఆ రోజు తిట్టలేదు, పై అధికారికీ చెప్పలేదు. చచ్చిన మరను డ్రిల్లుతో తీసేసి, ఒక సైజు పెద్ద ట్యాపు పెట్టి కొత్త మర కోయించాడు, నా చేతే. ట్యాపు అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనక్కి. నూనె వెయ్యాలి, తొందరపడకూడదు. అది నాకు దొరికిన మొదటి విద్య. నా చేత్తో పాడైనదాన్ని నా చేత్తోనే బాగుచేయించిన ఉస్తాద్ దొరకడం నా అదృష్టం. మీకు అలాంటివాడు దొరికితే ఆయన గొంతు పెద్దదని బాధపడకండి.

రెండో చెయ్యి

స్క్రూ తనంతట తాను తిరక్కుండా దాని మీద ఇంకో నట్టు వేసి బిగిస్తాం. చెక్ నట్టు అంటాం. ఇది అందరికీ తెలుసు. తెలియనిదేమిటంటే, చెక్ నట్టు బిగిస్తుంటే కింద ఉన్న స్క్రూ కూడా దాంతో పాటు కొంచెం తిరుగుతుంది. వెంట్రుకవాసి చాలు, మీరు అంతసేపు కొలిచి పెట్టిన సెట్టింగు పోయినట్టే. పైకి మాత్రం అంతా బిగిసినట్టే ఉంటుంది.

అందుకని ఎడమ చేత్తో స్క్రూడ్రైవరు గాట్లో పెట్టి స్క్రూని కదలకుండా పట్టుకోవాలి. కుడిచేత్తో పానా వేసి నట్టు బిగించాలి. బిగించాక మళ్లీ కొలవాలి. ఈ మూడో మాట చాలామంది మరిచిపోతారు.

లేత్ మీద అడ్డంగా జారే పలక పక్కన సన్నని ఇనుప పట్టీ ఒకటి ఉంటుంది. దాన్ని వరసగా నాలుగైదు చిన్న స్క్రూలు నొక్కి పడతాయి. అవి వదులైతే పనిముట్టు వణికి, కోసిన ఇనుము మీద చేప పొలుసుల్లా గీతలు పడతాయి. మరీ బిగిస్తే పలక జరగదు. ఉస్తాద్ ఒక్కో స్క్రూ సరిచేసి, చెక్ నట్టు వేసి, హ్యాండిల్ ఒక వేలితో తిప్పి చూసేవాడు. ఒక వేలికి తిరగాలి, కానీ చేతిలో బరువు తెలియాలి. నేను ఒంటిచేత్తో పానా తిప్పేయడం చూస్తే మాత్రం, "దూస్రా హాథ్ జేబ్ మే రఖా హై క్యా?" అనేవాడు. రెండో చెయ్యి జేబులో దాచుకున్నావా అని.

అప్పన్నదీ ఒక మాట ఉండేది. మన ద్వీపం తెలుగులో బిగించడాన్ని కసడం అంటాం కదా. నేను పళ్లు బిగబట్టి పానా లాగుతుంటే, "కసమంటే కసి తీర్చుకోమని కాదురా" అనేవాడు.

ఇద్దరూ చెప్పింది నిజమే. ఉస్తాద్ చూస్తున్నప్పుడు నా రెండు చేతులూ పనిచేసేవి. చూడనప్పుడు ఒకటే. పైగా బలం ఎక్కువ వేస్తే జాగ్రత్త ఎక్కువ తీసుకున్నట్టే అని ఒక భ్రమ. నా దేహంలో ఉన్న బద్ధకాన్ని నా దేహంలో ఉన్న బలంతో కప్పిపుచ్చేవాణ్ణి. దీన్ని ఇంతకంటే మంచిగా చెప్పలేను.

సిందూరం గీత

మా వర్క్‌షాపులో విశ్వకర్మ పూజ ఘనంగా జరిగేది. బెంగాలీలు ముందుండి చేసేవారు, అందరూ ప్రసాదం తినేవారు. యంత్రాలన్నీ తుడిచి, పూలు చుట్టి, సిందూరం పెట్టేవారు. నేను క్రైస్తవ సంఘానికి వెళ్లేవాణ్ణి కాబట్టి బొట్టు పెట్టే పనిలోకి వెళ్లేవాణ్ణి కాదు. ఉస్తాదూ అంతే, బయట నిలబడి పనిముట్లు లెక్క చూసుకునేవాడు. అయినా కొబ్బరిముక్కలు మా ఇద్దరికీ అందరికంటే ఎక్కువే వచ్చేవి.

ఒక ఏడాది పూజ అయిన మర్నాడు డ్రిల్లింగ్ యంత్రం దగ్గర నిలబడ్డాను. ఎవరో భక్తిగా నట్టు మీద నుంచి బాడీ మీదికి సిందూరంతో పొడుగ్గా గీత గీశారు. ముందురోజు చూసినప్పుడు అది ఒకే గీత. ఇప్పుడు మధ్యలో విరిగి ఉంది. నట్టు మీద ముక్క ఒక పక్కకి జరిగింది. అంటే నట్టు తిరిగింది. పానా పెట్టి చూస్తే నిజంగానే వదులు.

ఉస్తాద్‌ని పిలిచి చూపించాను. ఆయన కాసేపు చూసి, పెయింట్ల గది నుంచి ఎర్ర పెయింటు, సన్న కుంచె తెప్పించాడు. ఆ రోజు నుంచి మేం బిగించిన ప్రతి ఎడ్జస్టింగ్ స్క్రూ మీదా గీత గీశాం. స్క్రూ, నట్టు, బాడీ మూడింటి మీదుగా ఒకే గీత. తెల్లారి పనిలోకి రాగానే పానా తీయక్కర్లేదు, కళ్లతో చూస్తే చాలు. గీత తిన్నగా ఉంటే మర తిరగలేదు, విరిగితే తిరిగింది. ఇంతకంటే చవకైన, ఇంతకంటే మంచి పద్ధతి నేను ఇప్పటిదాకా చూడలేదు.

ఉప్పుగాలి, ఆకుపచ్చ పెయింటు

మెయిన్‌లాండ్ నుంచి వచ్చే పుస్తకాల్లో రాయని సంగతులు కొన్ని చెప్పాలి. ఇక్కడి గాలి వేరు. కొందరు "తుప్పే పట్టుకుంటుందిలే" అని చెక్ నట్టు మానేస్తారు. తుప్పు పట్టుకోదు, తింటుంది. పైకి బిగిసిపోయినట్టుండి లోపల మర పొడైపోతుంది. స్ప్రింగ్ వాషరు కూడా ఇక్కడ తొందరగా చప్పబడిపోతుంది. విప్పినప్పుడు దాని రెండు కొసలు ఒకే మట్టంలో ఉంటే పారేయండి. నేను పిసినారితనంతో పాతవే మళ్లీ వేసేవాణ్ణి. స్క్రూ తిరక్కుండా తీగతో కట్టేటప్పుడు, తీగ బిగిసే వైపుకి లాగాలి. వదులయ్యే వైపుకి కడితే మీరు స్క్రూకి సాయం చేస్తున్నట్టు. తలలేని చిన్న స్క్రూతో ఇంకో స్క్రూని పక్క నుంచి నొక్కి పట్టాలంటే మధ్యలో చిన్న ఇత్తడి ముక్క వేయండి, లేకపోతే ఇనుము ఇనుమును కొరికి మర పాడవుతుంది. ఇప్పుడు ట్యూబుల్లో జిగురుమందు వస్తోంది. మంచిదే. నూనె తుడవకుండా వేస్తే మాత్రం దండగ.

పైఅధికారుల గురించి కూడా ఒకమాట. ఒకాయన ఉండేవాడు, తనిఖీ వస్తోందని యంత్రాలన్నిటికీ ఆకుపచ్చ పెయింటు కొట్టించాడు. స్క్రూలు, నట్లు, మా ఎర్రగీతలు, స్క్రూ తలల్లో గాట్లు, అన్నీ ఒకటే పచ్చ. తనిఖీకి వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. మేం ఆ పెయింటు గోక్కుంటూ వానాకాలం గడిపాం. ఆయన చెడ్డవాడు కాదు. ఆయనకి యంత్రం దూరం నుంచే తెలుసు.

ఆయన తర్వాత వచ్చిన ఇంజనీరు నాయర్ సాబ్ అలా కాదు, చేతులు మురికి చేసుకునేవాడు. ఆయనకున్న లోపం ఒకటే. ముందు ఎవరు చెబితే వాళ్ల మాట నమ్మేవాడు. నేను ఎప్పుడూ ముందు చెప్పేవాణ్ణి.

మాయాబందర్

ఇక అసలు సంగతి.

మాయాబందర్ అవతల ఒక చిన్న రంపపు మిల్లు ఉండేది. డిగ్లీపూర్ వైపు కొత్తగా దిగిన కుటుంబాలకు ఇళ్ల గోడలకి పలకలు అక్కడే కోసేవారు. ఆ కుటుంబాలు పిల్లాపాపలతో ఒకే పొడుగు పాకలో ఉండేవి. వానలు పట్టేలోపు ఎవరి ఇల్లు వాళ్లకి లేవాలి. వానలు పడితే సముద్రం లేస్తుంది, పలకలు మోసే పడవలు ఆగిపోతాయి.

ఆ మిల్లులో గుండ్రటి రంపం బెంచీ మీద ఆపరేటరు పాత్రస్. రాంచీ వైపు నుంచి అడవి పనికి వచ్చిన మనిషి. మొదట్లో దుంగలు లాగేవాడు. ఒక దుంగ దొర్లి కాలు నలిగింది. అప్పటి నుంచి కుంటుతాడు. బెంచీ మీదికి మార్చాక ఆ కాలికి కాస్త సుఖం దొరికింది. నిలబడి చేసే పనే గానీ బురదలో దుంగ వెంట పరిగెత్తక్కర్లేదు.

రంపం తిన్నగా నడవడానికి దానికి రెండు పక్కలా గైడులుంటాయి. వాటిని రంపానికి ఎంత దగ్గరగా ఉంచాలో ఎడ్జస్టింగ్ స్క్రూలు చూసుకుంటాయి. అవి వదులై రంపం పక్కకి పోతోందని, పలక ఒక కొస మందంగా ఒక కొస పలచగా వస్తోందని కబురొచ్చింది. అప్పట్లో రోడ్డు లేదు. ఓడలో వెళ్లాను.

మొదటిసారి వెళ్లినప్పుడు స్క్రూలు సరిచేసి చెక్ నట్లు బిగించాను. తిరుగు ఓడ కూత వేస్తోంది. ఒంటిచేత్తో బిగించాను. మళ్లీ కొలవలేదు. ఎర్రగీత గీయలేదు.

కొన్ని వారాలకే మళ్లీ కబురు. వెళ్లి చూస్తే నట్టు మీద గాట్లున్నాయి. ఎవరో పానాకి పైపు తగిలించి బలంగా బిగించారు. నాకు ఒళ్లు మండింది. ఆపరేటర్లు స్క్రూలు ముట్టుకోకూడదని రూలు. ఒక చెక్కముక్క తీసుకుని ఎర్ర పెయింటుతో హిందీలో "హాథ్ మత్ లగావ్", చెయ్యి పెట్టొద్దు, అని రాసి బెంచీకి మేకు కొట్టాను. కూలీలంతా చుట్టూ చేరారు.

పాత్రస్ బోర్డు చూశాడు. నన్ను చూశాడు. మెల్లగా అన్నాడు. "బాబూ, చూడీ మర్ గయీ."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

పోర్ట్ బ్లెయిర్ షెడ్డులో నేను వంగి మరను చూస్తూ నిలబడ్డ క్షణం నా కళ్ల ముందుకొచ్చింది. ఇంతమందిలో నా పాత పేరుతో, నా పాత కథతో నన్ను ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. "ముఝే చూడీ సిఖాతా హై?" అన్నాను. నాకు మర గురించి నేర్పుతావా అని. నేను పానా అందుకుని, నా బలమంతా వేసి నట్టు బిగించి, ఓడెక్కేశాను.

పోర్ట్ బ్లెయిర్‌లో నాయర్ సాబ్ అడిగితే, "ఆపరేటరు చెయ్యి ఊరుకోదు సార్. అతన్ని మార్చకపోతే ఆ బెంచీ నిలవదు" అని చెప్పాను. గట్టిగా చెప్పాను. పాత్రస్‌ని బెంచీ మీంచి తీసి మళ్లీ దుంగలకి పంపేశారు.

ఇంట్లో అన్నం తింటూ మా ఆవిడ మరియమ్మకి ఇదంతా చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను.

"ఇంతకీ ఆడేటన్నాడు?" అంది.

"ఇంకేమంటాడు, చూడీ బాబూ అని ఎగతాళి చేశాడు."

"సూడీ బాబూ అన్నాడా, బాబూ సూడీ అన్నాడా?"

ముద్ద నోట్లో పెట్టుకోబోయినవాణ్ణి ఆగిపోయాను.

"రెండూ ఒకటేలే" అన్నాను.

"ఒకటెలాగవుతాదయ్యా? ఒకటి నీ పేరు. ఒకటి ఆడు సెప్పిన మాట." ఇంకాస్త పులుసు పోసి లోపలికెళ్లిపోయింది.

నేను ఆ మాట మింగేశాను. మింగినా దిగలేదు.

గీత చెదరలేదు

మళ్లీ కబురొచ్చింది. బెంచీ మీద కొత్త మనిషి. అదే జబ్బు. పలకలు వంకర. ఆకాశం అప్పటికే మబ్బు పడుతోంది. నాయర్ సాబ్ నా మొహంకేసి చూసి, "ఇప్పుడెవరి చెయ్యి?" అని మాత్రం అన్నారు.

ఈసారి రెండు చేతులతో పని చేశాను. స్క్రూ పట్టుకుని నట్టు బిగించి, కొలిచి, స్క్రూ మీద నుంచి నట్టు మీదుగా బాడీ దాకా ఎర్రగీత గీశాను. పెయింటు ఆరాక దుంగలు పెట్టించి, రంపం పక్కనే నిలబడ్డాను. ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. మొదటి దుంగ తిన్నగా తెగింది. రెండోది కూడా. తర్వాతి దాంట్లో రంపం పక్కకి పోయింది. మోటారు ఆపించి చూశాను.

గీత తిన్నగా ఉంది. ఎక్కడా విరగలేదు. అంటే నట్టుగానీ స్క్రూగానీ తిరగలేదు. ఎవరి చెయ్యీ పడలేదు. కానీ గైడు వెనక్కి జరిగింది. వంగి పక్క నుంచి చూస్తే నట్టుకీ బాడీకీ మధ్య కాగితం పట్టేంత సందు. స్క్రూ తిరక్కుండానే, తిన్నగా, మేకు బయటికొచ్చినట్టు వెనక్కి వచ్చేసింది.

లోపల మర ఉంటే అలా రాదు. విప్పాను. స్క్రూతో పాటు బూడిదరంగు పొడి రాలింది. బాడీలో మర చచ్చిపోయింది. పాత్రస్ చెప్పినట్టే.

దుంగల దగ్గరికి నడిచాను. బురదలో అతను గొలుసు లాగుతున్నాడు. నలిగిన కాలు ప్రతి అడుగుకీ పక్కకి పోతోంది. నేను ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. ఏం చెప్పాలో ఓడలో వచ్చేటప్పుడు అనుకోలేదు. నోటికొచ్చింది ఒకటే.

"పాత్రస్, చూడీ మర్ గయీ."

అతను తలెత్తలేదు. గొలుసు ఇంకో జానెడు లాగి, "అచ్ఛా? కబ్?" అన్నాడు. అలాగా, ఎప్పుడూ అని.

పక్కనున్నవాళ్లు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. తప్పు నాదే అన్నాను. మొదటిసారి సరిగ్గా బిగించలేదనీ, రెండోసారి నువ్వు చెప్పింది వినలేదనీ, సాబ్‌కి నీ మీద చెప్పింది నేనేననీ అందరి ముందూ చెప్పాను. అప్పుడు గొలుసు వదిలాడు.

"ఆధీ మైనే భీ మారీ" అన్నాడు. సగం మర తనూ చంపాడట. స్క్రూ వదులైపోతుంటే పలకలు పాడవుతాయని పానాకి పైపు తగిలించి బిగించింది తనేనట. "తుమ్ కమ్ కసే, మై జ్యాదా కసా." నువ్వు తక్కువ బిగించావు, నేను ఎక్కువ బిగించాను.

అతను తన సగం ఒప్పుకోకపోయినా ఎవరూ అడిగేవారు కాదు. అతనితో కలిసి అడవి శాఖ రేంజి ఆఫీసుకి వెళ్లి, వైర్‌లెస్ మీద నాయర్ సాబ్‌కి నేనే చెప్పాను, అతను వింటుండగా. ఆయన అన్నారు, "సామేల్, ఆ రోజు కూడా నువ్వు ఇంత గట్టిగానే చెప్పావు." పాత్రస్‌ని బెంచీ మీదికి తీసుకోమన్నారు.

బాడీలో చచ్చిన మర తీసేసి ఒక సైజు పెద్ద ట్యాపు కొట్టాం. అరచుట్టు ముందుకు, పావుచుట్టు వెనక్కి. జెట్టీ దగ్గర పడవల షెడ్డులో ఉన్న చిన్న లేత్ మీద కొత్త స్క్రూ తీశాను. పక్క నుంచి ఇత్తడి ముక్క, దాని మీద చిన్న స్క్రూ. చెక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూడ్రైవరు పాత్రస్ పట్టుకున్నాడు, పానా నేను పట్టుకున్నాను. ఆపై అతనే కుంచె తీసుకుని గీత గీశాడు.

పలకలు తిన్నగా వచ్చాయి. పడవలు బయల్దేరాయి. కానీ అన్నీ చేరలేదు. వానలు ముందే పట్టేశాయి, కొన్ని కుటుంబాలు ఆ వానాకాలమంతా ఆ పొడుగు పాకలోనే గడిపాయి. నా మూడు ప్రయాణాల మధ్య పోయిన కాలం అది. వాళ్లలో ఎవరికీ నా పేరు తెలియదు. నాకు మాత్రం గట్టి వాన పడితే ఆ పాక గుర్తొస్తుంది.

చెయ్యి పెట్టొద్దు

ఉస్తాద్ లేడు. అప్పన్న కూడా లేడు. వాళ్లిద్దరూ నన్ను చూసి నవ్వుతూ, తిడుతూ మనిషిని చేశారు. నాయర్ సాబ్ ఆ తర్వాత నేను ఏం చెప్పినా, "రెండో పక్క కూడా చెప్పు" అని అడిగేవారు. అది నాకు చేసిన మేలు. పాత్రస్ ఉన్నాడు. క్రిస్మస్‌కి ఇప్పటికీ వాళ్లింటి నుంచి అర్సాలు వస్తాయి. మన అరిసెలే, పేరు కూడా దాదాపు అదే. మరియమ్మ చేసిన జంతికలు ఆ డబ్బాలోనే తిరిగి వెళ్తాయి. ఒకరికి అన్యాయం చేసి, అతని ఇంటి తీపి ఇన్నేళ్లు తినగలగడం నా అర్హత కాదు, అతని మంచితనం.

ఆ రోజు పని అయిపోయాక జరిగింది ఒకటి చెప్పి ముగిస్తాను. రంపం నడుస్తోంది. పలక తిన్నగా జారి వస్తోంది. పాత్రస్ తన చోట తను నిలబడ్డాడు. మోటారు ఆగాక, నా అలవాటు చొప్పున నట్టు ఎలా ఉందో చూద్దామని చెయ్యి చాపాను. అతను నా చేతి మీద ఒక్కటి వేశాడు.

"ఏ! హాథ్ మత్ లగావ్!" బెంచీకి కొట్టి ఉన్న నా బోర్డు చూపించాడు. "లిఖా హువా హై." రాసి ఉందిగా అని.

"కిస్నే లిఖా?" అని ఎవరో అడిగారు. ఎవరు రాశారట?

"చూడీ బాబూ నే."

ఈసారి అందరితో పాటు నేనూ నవ్వాను. చెయ్యి వెనక్కి తీసుకుని, చేతులు కట్టుకుని, ఆ ఎర్రగీతను కళ్లతోనే చూశాను.

ఇన్నేళ్లూ అనుకుంటూ వచ్చింది ఒకటే. కొత్తలో హిందీ రాక 'చూడీ' అంటే చూడమని అనుకుని నవ్వులపాలయ్యాను. హిందీ బాగా వచ్చాక, ఆ మాటలో నా పేరు తప్ప ఇంకేమీ వినబడకుండా పోయింది. పాత్రస్ ఆ రోజు "చూడీ" అన్నప్పుడు, కనీసం తెలుగులో అర్థం చేసుకుని ఉన్నా సరిపోయేది.